దేహభారము – సాధ్యమైన సంకల్పము
(వార్షిక మహాసభలో గావించిన ఉపన్యాసము)



కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము సంస్కృత వాఙ్మయమును గూర్చి మాటలాడుమని కోరుదురని తలచితిమి. కాని వారు “పంతులుగారూ, ఈ యేడు మీరు బరువును గూర్చి చెప్పుడు” అనిరి. కారణము మాకు తెలియకపోలేదు. గడచిన మహాసభనాటికి మా దేహభారము 92 కిలోలు. నేడు 86. ఈ ఆఱు కిలోల కథయే నేటి మా ఉపన్యాసము. “ఆఱేనా?” యని వెనుక వరుసలో నెవరో నవ్వుచున్నారు. వారికొఱకే ముఖ్యముగా చెప్పుచున్నాము.

మనది చక్కెర సీమ. మంజీరకు అడ్డముగా కట్టిన నిజాంసాగరము 1931లో పూర్తియైన పిమ్మట జొన్నచేల స్థానమున వరిమడులును చెఱకుతోటలును వెలసినవి. 1937లో బోధను శక్కర్‌నగరమున చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. ఆసియాఖండమున మిక్కిలి పెద్దదని దానికి ఒకప్పుడు పేరుండెను. 2015లో అది మూతపడినది. కర్మాగారము మూతపడినను మన యిండ్లలో చక్కెరడబ్బా మూతపడలేదు. మా తాతగారి కాలమున జొన్నరొట్టె, గట్క, అంబలి దినభోజనము. వరియన్నము పండుగనాటి మాట. ఇప్పుడు అన్నము దినభోజనమై జొన్నరొట్టె వైద్యుడు వ్రాసియిచ్చు పథ్యమైనది. నాగలి పట్టిన చేతులు ట్రాక్టరు చక్రమును పట్టినవి. బోధనే భారతమునందలి ఏకచక్రపురమని మన పెద్దలు చెప్పుదురు. బండెడన్నము తినిన భీముడు వెంటనే బకాసురునితో పెనుగులాడెను. మనము విందారగించి మంచము చేరుచున్నాము.

ఇందు హాస్యమున కెంత చోటున్నదో దుఃఖమునకును అంత చోటున్నది. మనలో ఒక పెద్దమనుష్యుడు, పేరు చెప్పము, కుమారుని పెండ్లిలోగా ముప్పది కిలోలు తగ్గుదునని పదిమందిలో ప్రతిజ్ఞ చేసెను. ఆయనకు మధుమేహము కలదు. మాత్రలు మ్రింగుచు భోజనము మానెను. నెల తిరుగకమున్నే ఒక మధ్యాహ్నము చెమటలు క్రమ్మి, మాట తడబడి, పందిరి వేయించుచున్న చోటనే కూలిపోయెను. రక్తమున చక్కెర మితిమీరి పడిపోయినదని ఆసుపత్రిలో చెప్పిరి. ప్రాణము దక్కినది. కాని ఆనాటినుండి ఆయన త్రాసు నెక్కలేదు, పథ్యము మాట యెత్తనీయలేదు. రెండేండ్లకు కాలివ్రేలు తీయింపవలసివచ్చెను. ఆయన నాశచేసినది తిండి యొక్కటే కాదు, ఆ ముప్పది యను సంఖ్యయు అని మా దృఢాభిప్రాయము.

మేమును ఆ సంఖ్యకే దాసులమైతిమి. మా పొడవు 165 సెంటీమీటర్లు. భారతీయులకు విధించిన కొలత చొప్పున మేము 62 కిలోలకు మించరాదు. అనగా ముప్పది కిలోలు పోవలయును. ఉగాదిలోగా పోగొట్టుదుమని సంకల్పించి పదునొకండు దినములు మధ్యాహ్నభోజనము మానితిమి. మూడు కిలోలు తగ్గినవి. మా సంతోషమునకు మేర లేదు. పిదప బోధనులో ఒక వివాహమునకు పోయితిమి. మూడును తిరిగివచ్చినవి. తొలివారములలో పోవుదానిలో అధికభాగము నీరేయని, కొవ్వు అంత వేగముగా కరగదని తరువాత వైద్యుడు తెలిపెను.

నలువదేండ్లు బడిలో పిల్లలకు చెప్పిన మాట మేమే మఱచితిమి. నూటికి ఇరువది మార్కులు వచ్చిన బాలుని “నూఱు తెచ్చుకొమ్ము” అన్నచో వాడు గోడదూకి పాఱిపోవును. “ముప్పదియైదు తెచ్చుకొమ్ము” అన్నచో పుస్తకము తెఱచును. అమరకోశమున సుమారు పదునైదువందల శ్లోకములున్నవి. దినమునకు పది శ్లోకముల చొప్పున కాక దానిని ఎవరు వల్లించిరి?

చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము అతిస్థూలుని, అతికృశుని గూర్చి చెప్పునది. అందు స్థౌల్యమును విడువగోరువాడు వ్యాయామాదులను క్రమముగా పెంచుకొనవలెనని విధి. అదే గ్రంథమున వేఱొకచోట, అలవాటుపడిన అపథ్యమును ఒక్కమాఱుగా గాక పాదము పాదముగా, అనగా నాల్గవవంతు చొప్పున, విడువుమని యున్నది. వాగ్భటుడు వ్యాయామమునకు అర్ధశక్తి చాలుననెను. ఈ మాటలను ముప్పదేండ్లు పాఠముగా చెప్పితిమి. ఒక్కనాడును మా పొట్టకు అన్వయించుకొనలేదు!

నేటి శాస్త్రమును ఈ దారినే పోవుచున్నది. అమెరికాలో మధుమేహమునకు చేరువైనవారిపై జరిపిన పరిశోధనము 2002లో వెలువడినది. వారికి పెట్టిన గమ్యము దేహభారమున నూటికి ఏడు వంతులు, వారమునకు 150 నిమిషముల నడక. మధుమేహము వచ్చుట నూటికి 58 వంతులు తగ్గెను. మాకు ఏడు వంతులనగా ఆఱున్నర కిలోలే. చెన్నపట్టణమున జరిగిన మఱియొక పరిశోధనము 2006లో వెలువడినది. అది మాకు ఇంకను ప్రియమైనది. అందు ఆహారవ్యాయామములను దిద్దుకొన్నవారి బరువు ఇంచుమించు మాఱకున్నను, మధుమేహము నూటికి 28 వంతులకు పైగా తగ్గెను. త్రాసు కదలనంతమాత్రమున శ్రమ వ్యర్థము కాలేదని దీని యర్థము. దేశమున పదికోట్లకు మించి మధుమేహులున్నారని 2023లో లెక్క తేలినది. మన కులమువారు ఆ లెక్కకు వెలుపల లేరు.

చెఱకు పండించు సోదరులకు ఈ సంగతి మాకంటె బాగుగా తెలియును. కాటా మీద నూఱు కిలోల చెఱకు తూచినచో చక్కెర దిగునది సుమారు పది కిలోలు. ఏబది దిగలేదని ఏ రైతును తోటకు నిప్పుపెట్టడు. అదియును ఏడాదికి చేతికి వచ్చు పంట.

ఇక మా ఆచరణ. దినమునకు ఆఱు చాయలు త్రాగుచుంటిమి. చాయకు రెండు చెంచాల చక్కెర. చెంచా అయిదు గ్రాములైనచో మొత్తము అఱువది గ్రాములు. రోజున కలుపుకొను చక్కెర 25 గ్రాములకు లోబడుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలిపినది. మేము పాదము పాదముగా తగ్గించి, నాలుగు నెలలకు మూడు చాయలు, చాయకు అర చెంచా దగ్గఱకు వచ్చితిమి. కిలో కొవ్వునకు సుమారు 7,700 కెలోరీలు. మేము విడిచిన చక్కెర దినమునకు రెండువందల కెలోరీలకు పైబడినది. నెలకు ముప్పాతిక కిలో. లెక్క కుదిరినదా? కొన్ని నెలలు కుదిరినది. పిదప దేహము తనకు తానే పొదుపు నేర్చుకొనును, త్రాసు నిలిచిపోవును. మాకు కార్తికమున నిలిచినది. అప్పుడు రాత్రి అన్నమునకు బదులు రెండు జొన్నరొట్టెలు పట్టితిమి. నడక మొదట పది నిమిషములు. ఖిల్లా గుట్ట పాదము దాక పోయి మరలుట. నేడు అర్ధగంట, వారమునకు అయిదు దినములు. గుట్ట యెక్కుట ఇంకను మా వల్ల కాలేదు.

గోడమీది పంచాంగమున బరువు వ్రాయుట మానితిమి. నడచిన దినమునకు ఒక గీటు మాత్రము పెట్టుచున్నాము. త్రాసు చూపునది మన చేతిలో లేదు, గీటు మన చేతిలో నున్నది. బరువు వారమునకు ఒకమాఱు, ఉదయముననే తూచుకొనవలెను. నడుము కొలత నెలకు ఒకమాఱు: పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటరాదు.

మాత్రలు, ఇన్సులిను వాడువారు పథ్యము మార్చుటకు ముందే వైద్యుని చూచి మోతాదు సరిచేయించుకొనవలయును. పైన చెప్పిన పెద్దమనుష్యునకు ఈ ఒక్కమాట ముందు చెప్పినవారు లేకపోయిరి. మేమును ఆ ప్రతిజ్ఞాసభలో చప్పట్లు కొట్టినవారమే.

స్త్రీలను గూర్చి ఒక్కమాట. అందఱు తిన్న పిమ్మట మిగిలినది పాఱవేయలేక తినునది ఇల్లాలు. లావైనదని నవ్వుదురు ఇంటివారు. వడ్డనలో ఆమెను ముందు కూర్చుండబెట్టుడు, తరువాత పథ్యము చెప్పుడు.

విందునకు గంట కొట్టునట్లున్నది. వంటవారితో మేము నిన్ననే మాటలాడితిమి. భక్షములు అడిగినవారికే వడ్డింతురు. జొన్నరొట్టెల వరుస కుడిప్రక్కన నున్నది. చాయ చక్కెర లేకుండ వచ్చును, చక్కెర వేఱుగా నుంచిరి. త్రాసును కొలతటేపును కార్యాలయపు గదిలో పెట్టించితిమి, స్త్రీలకు లోపలిగది. మా 86 కిలోలు ఆ పుస్తకమున మొదటి పంక్తిలో వ్రాయబడియున్నవి. రెండవ పంక్తి ఖాళీగా నున్నది.