పైపు పనికీ పరీక్ష ఉండాలి

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల గురించి మాట్లాడవలసిన సభలో పైపుల గొడవ ఎందుకని మీరనుకోవచ్చు. మన క్యాన్లు, శీతలీకరణ ట్యాంకులు కడిగేది నీటితోనే. ఆ నీరు చెడితే, ఎంత శుభ్రంగా పితికిన పాలైనా చెడిపోతాయి.

ఒక సంఘంలో నేను చూసిన సంగతి చెబుతాను. క్యాన్లు కడిగే తొట్టిలోకి నీటి పైపును అడుగుదాకా దించి బిగించారు. తొట్టి నిండా సోడా నీరు ఉండగా మోటారు ఆగింది. పైపులో నీరు వెనక్కు జారుతూ సోడా నీటిని కూడా లాగేసింది. మర్నాడు కొళాయి తిప్పితే నురగ వచ్చింది. కార్యదర్శి చూశాడు కాబట్టి సరిపోయింది. చూడకపోతే ఆ పూట ఊరి పాలన్నీ పారబోయవలసి వచ్చేది. పైపు బిగించిన మేస్త్రీ చేయి తిరిగినవాడే. కాని ఈ విషయం అతనికి ఎవరూ నేర్పలేదు.

డెయిరీలో బాయిలరు చూసే మనిషి పరీక్ష ప్యాసై సర్టిఫికెట్ పొంది ఉండాలి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినా ఈ నియమం మారలేదు. వైరింగు చేసేవారికీ పర్మిటు ఉండాలి. ప్లంబర్లకు చాలా పట్టణాల్లో స్థానిక సంస్థలు లైసెన్సు ఇస్తాయి. పల్లెల్లో మాత్రం సాధారణంగా అడిగే నాథుడు లేడు. అందుచేత అడగవలసిన బాధ్యత సంఘానిదే.

సర్టిఫికెట్ వేరు, లైసెన్సు వేరు. మొదటిది పని వచ్చునని చెప్పే పత్రం. రెండవది ఆ ఊళ్లో పని చేయడానికి ఇచ్చే అనుమతి. ఐ.టి.ఐ.లో ప్లంబరు కోర్సు ఒక సంవత్సరం. చివర రాత పరీక్ష, చేతిపని పరీక్ష రెండూ ఉంటాయి. ప్యాసైతే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. పనిలోనే నేర్చుకున్నవారికి కూడా దారి ఉంది. ప్రభుత్వ నైపుణ్యాభివృద్ధి పథకాలలో వారి పాత అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు.

సంఘంలో పైపు పని అప్పగించే ముందు మూడు ప్రశ్నలు వేయండి.

ఒకటి: కొళాయి మూతికీ తొట్టి అంచుకూ నడుమ ఎంత ఖాళీ వదులుతావు? పైపు వ్యాసానికి కనీసం రెండింతలు వదలాలి.

రెండు: వేడినీటికి ఏ పైపు వేస్తావు? మామూలు పి.వి.సి. పనికిరాదు, వేడికి మెత్తబడుతుంది. సి.పి.వి.సి. గాని, జి.ఐ. గాని వేయాలి.

మూడు: గోడ పూడ్చకముందే పైపులో నీరు నింపి ఒత్తిడి పెట్టి చూస్తావా? చూసి తీరాలి.

సరైన జవాబు రాలేదని మన ఊరి మేస్త్రీని తీసివేయమని నేననడం లేదు. అతనిని పరీక్షకు పంపండి. ఆ రోజుల కూలి నష్టపోకుండా సంఘం ఆదుకుంటే, ఆ ఖర్చు ఒక పూట పాలు పోయిన నష్టంకన్నా తక్కువే అవుతుంది. పాడి కుటుంబాల పిల్లల్లో చదువు ఆపినవారికి ఈ కోర్సు సంగతి చెప్పండి.

వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయం చర్చించి తీర్మానం చేయవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.