కుక్క కాటుకు సబ్బు దెబ్బ



ఈ పూట మాట కుక్కల గురించి. నవ్వకండి. కుక్క లేని వీధి ఎక్కడైనా ఉందా? కుక్కా, చిన్నపిల్లలూ ఒకచోట చేరితే ఆ ఇంటి తల్లికి పొద్దు ఎలా గడుస్తుందో మీకు వేరే చెప్పాలా?

ఒక ఇల్లు అనుకోండి. తల్లి, తండ్రి, నాయనమ్మ. ఏడేళ్ల పిల్ల, నాలుగేళ్ల చిన్నోడు. వీళ్లకు తోడు ఒక ఊరకుక్క. దాన్ని ఎవరూ తెచ్చుకోలేదు. వానకు తడిసి అరుగు మీదికి వచ్చింది. మళ్లీ పోలేదు. పిల్లలు దానికి రాజు అని పేరు పెట్టారు. పక్కింటి పిల్లాడి పేరూ రాజే. "రాజూ, అన్నానికి రారా" అని పక్కింటామె కేక వేస్తే, ముందు పరుగెత్తేది నాలుగు కాళ్ల రాజు!

చలికాలంలో రాజుగాడి పడక పొయ్యి బూడిదలో. తెల్లారి తల్లి వచ్చి "లేవరా" అంటే ఒక కన్ను తెరిచి చూస్తాడు. మళ్లీ మూస్తాడు. గట్టిగా అదిలిస్తే లేచి ఒళ్లు దులుపుతాడు. ఇంకేముంది, కడిగి బోర్లించిన గిన్నెలన్నీ మళ్లీ కడగాలి.

పిల్ల బడికి పోతే వెంటే పోతాడు. వరండాలో పడుకుంటాడు. ఒకరోజు పంతులుగారు హాజరు పిలుస్తున్నారు. "రాజు" అన్నారు. బయటి నుంచి "భౌ" అని వినిపించింది. పిల్లలు పకపకా నవ్వారు. పంతులుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

ఇంకోరోజు ఎండలో పెట్టిన వడియాలు సగం మాయం. "రాజుగాడు తిన్నాడమ్మా" అన్నాడు చిన్నోడు. రాజుగాడేమో పొద్దున్నుంచి నాయనమ్మ మంచం కోడుకు కట్టేసి ఉన్నాడు. చిన్నోడి మూతి చుట్టూ పిండి! అయినా మొదటి తిట్లు రాజుగాడికే. నోరులేని జీవి, సాక్ష్యం చెప్పుకోలేదు కదా.

నాయనమ్మ సంగతి వేరు. "ఛీ, పో అవతలికి" అని కర్ర ఎత్తుతుంది. కానీ ఆఖరి ముద్ద రాజుగాడిదే. అందులో పెరుగు కూడా ఉంటుంది. ఎవరూ చూడలేదని ఆమె అనుకుంటుంది. ఇంటిల్లిపాదీ చూస్తారు.

ఒక మధ్యాహ్నం రాజుగాడు ఎముక కొరుక్కుంటున్నాడు. చిన్నోడు వెళ్లి ఆ ఎముక లాగాడు. రాజుగాడు గుర్రుమన్నాడు. చిన్నోడికి అదీ ఆటలాగే తోచింది. మళ్లీ లాగాడు. పళ్లు కుడి చేతికి దిగాయి. రెండు గాట్లు. రక్తం.

చిన్నోడు ఏడవలేదు. చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. అమ్మ కొడుతుందని భయం. రాజుగాణ్ని తరిమేస్తారని అంతకంటే భయం. రాత్రి అన్నం దగ్గర ఎడమ చేత్తో ముద్ద ఎత్తాడు. నాయనమ్మ కంట పడింది.

చూడండి, కాటు కంటే ఈ దాచడమే ప్రమాదం. పిచ్చికుక్క రోగం, అంటే రేబిస్, కుక్క చొంగలో ఉంటుంది. కాటు ద్వారా ఒంట్లోకి పోతుంది. నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. దానికి వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. నీళ్లను చూస్తే భయపడటం వంటి లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు లేదు. అంతకు ముందే సూదులు వేయిస్తే ఆ రోగం రాకుండా ఆపవచ్చు. కుక్క పెంపుడుదే కదా, చిన్న గాటే కదా అని ఊరుకోకూడదు. పిల్లల్ని కొడితే ఇంకోసారి అసలే చెప్పరు.

"కారం అద్ది కట్టు కట్టు" అంది నాయనమ్మ. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అని సామెత ఉండనే ఉంది. తల్లి ఆ రెండూ వినలేదు. సబ్బు తీసింది. పంపు కింద చెయ్యి పెట్టించింది. గడియారం చూస్తూ 15 నిమిషాలు కడిగింది. ఒంటికి రుద్దే సబ్బయినా, బట్టల సబ్బయినా పనికొస్తుంది. రోగం పురుగును ఆ సబ్బే చాలావరకు చంపుతుంది. కారం, పసుపు, సున్నం, ఆకు పసర్లు పెట్టకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు.

పక్కింటామె వచ్చింది. "అయ్యో, బొడ్డు చుట్టూ 14 సూదులు పొడుస్తారంట" అంది. ఆమె మాట ఒకప్పుడు నిజమే. అది గొర్రె మెదడు నుంచి చేసిన పాత మందు. 2005 నాటికి మన దేశంలో అది ఆగిపోయింది. ఇప్పటి సూది చేతికే వేస్తారు. చర్మంలోకి వేసేదైతే 4 సార్లు. మొదటిది వేసిన 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు మళ్లీ వేస్తారు. కండకు వేసేదైతే 5 సార్లు. గాయం లోతుగా ఉంటే, రక్తం వస్తే, గాయం చుట్టూ ఇంకో మందు కూడా వేస్తారు. సర్కారు ఆసుపత్రిలో డబ్బు ఇవ్వనక్కర లేదు. ఒక్క సూది కూడా ఎగ్గొట్టకూడదు.

ఈ సూదికి దారి చూపినవాడు ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చర్. 1885 జూలై 6న తొమ్మిదేళ్ల పిల్లాడికి మొదటిసారి వేశారు. ఆ పిల్లాణ్ని తల్లే వెంటబెట్టుకుని ఊరు దాటి పారిస్ తీసుకొచ్చింది. కొత్త మందు, ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఆమె ధైర్యం చేసింది. పిల్లాడు బతికాడు. పెద్దయ్యాక పాశ్చర్ పేరున్న సంస్థలోనే కాపలా ఉద్యోగం చేశాడు.

ఇక రాజుగాడు. డాక్టరు చెప్పినట్టు అతణ్ని 10 రోజులు కట్టేసి కనిపెట్టి చూశారు. సూదులు మాత్రం ఆ 10 రోజుల కోసం ఆగలేదు, తెల్లారే మొదటిది వేయించారు. రాజుగాడు శుభ్రంగా తిన్నాడు, తోక ఊపాడు. పదకొండో రోజు తండ్రి అతణ్ని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. కుక్కకూ టీకా ఉంది. పిల్లకు మూడో నెలలో మొదలుపెట్టి ఏటేటా వేయించాలి. చిన్నోడు కూడా వెంట వెళ్లాడు.

ఊళ్లోకి వచ్చే బస్సు మీద మొరిగే రాజుగాడు, సూది చూడగానే తోక ముడిచి చిన్నోడి కాళ్ల వెనక దాక్కున్నాడు. అప్పటికే మూడు సూదులు వేయించుకున్నవాడు చిన్నోడు. వంగి, రాజుగాడి చెవిలో చెప్పాడు.

"ఏం కాదురా. చీమ కుట్టినట్టు ఉంటది. ఏడవకపోతే నాయనమ్మ నీక్కూడా బెల్లం ముక్క పెడతది."