పిల్లల ఒంటి మీది గడ్డ



బిడ్డ ఒంటి మీద గడ్డ కనబడగానే కన్నవారు అడిగేది ఒక్కటే: అది క్యాన్సరా, కాదా అని. చూడకుండానే భరోసా ఇవ్వడం ఎంత తప్పో, చూడగానే కోయించమనడమూ అంతే తప్పు. జవాబును గడ్డ పుట్టిన వయసులోనూ, పెరిగిన తీరులోనూ, వేళ్లకు తగిలే స్పర్శలోనూ వెతకాలి.

పెద్దల్లో అనుమానం రేపే గుణాలు పిల్లల్లో తరచు నిరపాయమైన గడ్డలకే ఉంటాయి. వెంట్రుక కుదురులోని కణాల నుంచి పుట్టే పైలోమాట్రికోమా, లోపల కాల్షియం పేరుకోవడం వల్ల రాయిలా తగిలినా, కింది పొరలకు అంటుకోక అటూ ఇటూ కదులుతుంది. రక్తనాళాల కణాలు గుంపుకట్టగా ఏర్పడే హీమాంజియోమా, పుట్టిన కొద్ది వారాలకు ఎర్రగా తేలి, తొలి నెలల్లో వేగంగా పెరిగి, తర్వాత ఏళ్ల తరబడి మెల్లగా కుంగిపోతుంది. అది కంటికో శ్వాసకో అడ్డమైతే ప్రొప్రనలాల్ వాడతారు. గుండెజబ్బులకు వాడే ఆ మందు దీనికీ పనిచేస్తుందని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 2008లో వెల్లడించారు.

నైట్, రైనర్ అనే వైద్యులు పిల్లల నుంచి తీసిన 775 పైపై గడ్డలను పరిశీలించి 1983లో ప్రచురించిన నివేదికలో హానికరమైనవి 1.4 శాతమే. పుట్టిన నెలలోపే కనబడడం, ఆగకుండా పెరగడం, పైచర్మం పుండుపడడం, కండరాన్ని కప్పే పొరకు అతుక్కోవడం, గట్టిగా ఉండి 3 సెంటీమీటర్లు దాటడం అనేవి వారు గుర్తించిన హెచ్చరికలు. హీమాంజియోమా కూడా వేగంగానే పెరుగుతుంది గనుక, ఏ ఒక్క లక్షణమూ తనంతట తీర్పు కాదు.

సూక్ష్మదర్శిని సైతం తడబడిన సందర్భం ఉంది. న్యూయార్క్ పాథాలజిస్టు సోఫీ స్పిట్జ్ 1948లో బాల్య మెలనోమాలుగా, అంటే చర్మక్యాన్సర్లుగా, వర్ణించిన మచ్చలు కణాల రూపంలో క్యాన్సర్‌ను పోలినా, వాటిలో అధికభాగం నిరపాయమైనవని తర్వాత తేలి, నేడు ఆమె పేరుతోనే స్పిట్జ్ నీవస్‌లుగా పిలువబడుతున్నాయి. మరోవైపు, పిల్లల్లో నిజమైన మెలనోమా నలుపు లేకుండా గులాబీరంగు బొడిపెలా ఉండి, రక్తం కారుతూ కనిపించవచ్చు.

అందుచేత అనుమానం తీరనిచోట గడ్డ ముక్క తీసి పరీక్షించే బయాప్సీ తప్పదు. తీరినచోట కూడా గడ్డ కొలతను, తేదీని కేసు షీటులో రాసి, బిడ్డను మళ్లీ పిలిపించడం తప్పదు. ‘భయం లేదు’ అనే మాట పలికే అర్హత వైద్యపట్టాతో రాదు, ఆ కొలతను రెండోసారి సరిచూసుకొన్నప్పుడే వస్తుంది.