పెరటి జామ



పండ్లను గూర్చి నేడు నాలుగు మాటలు విన్నవింపదలచితిని. అందుకు ముందు నా తెలివితక్కువ యొకటి చెప్పుకొనవలసియున్నది.

కొన్నేండ్ల క్రిందట మా మనుమడు జ్వరపడి లేచినాడు. వానికి బలము చేకూరవలెనని పట్టణమునకు పోయి కిలో ఆపిలు పండ్లు తెచ్చితిని. ఆ సొమ్మెక్కడిదనుకొన్నారు? ఆ ఉదయముననే మా పెరటి జామకాయలను గంపెడు సంతలో అమ్మగా వచ్చినది. సంగతి విని మా వైద్యుడు నవ్వి, "అయ్యా, తమరు కొన్నదానికంటె అమ్మినదే మేలుగదా!" అనెను.

ఆ మాట నిజము. జామపండులో 'సి' విటమిను నారింజలో ఉన్నదానికి సుమారు నాలుగు రెట్లు కలదు. ఆపిలులో అది బహు స్వల్పము. ఈ విటమిను బొత్తిగా లోపించినచో చిగుళ్లు వాచి నెత్తురు కారును, గాయములు మానవు. పూర్వము నెలల తరబడి ఓడలపై తిరుగు నావికులు ఈ వ్యాధిచే చచ్చుచుండిరి. 1747లో జేమ్స్ లిండ్ అను నౌకావైద్యుడు పన్నిద్దరు రోగులను ఇద్దరిద్దరిగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క చికిత్స చేసి చూచెను. నారింజలు, నిమ్మపండ్లు తిన్న యిద్దరును అందరికంటె ముందుగా కోలుకొనిరి. ఆంగ్ల నౌకాదళము నావికులకు నిమ్మరసము నియమముగా ఇచ్చుటకు 1795 వరకు పట్టినది. మంచి మాట చెవికెక్కుట ఏ దేశమందైనను ఆలస్యమే కాబోలు!

అట్లని జామ యొక్కటే చాలదు. బాగుగా పండిన మామిడిలోను, బొప్పాయిలోను ఉన్న పసుపువన్నె పదార్థము మన దేహములో 'ఎ' విటమినుగా మారును. అది కొరవడిన బిడ్డలకు రేచీకటి వచ్చును. అరటి వెంటనే శక్తినిచ్చును. ఒకదానిలో లేనిది వేరొకదానిలో దొరకును. వేసవిలో మామిడి, తొలకరిలో నేరేడు, వానలు వెనుకబట్టగానే సీతాఫలము, చలికాలమున ఉసిరిక, రేగు. ఈ వరుస తప్పక తినువానికి వేరొక లెక్క అక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు దినమునకు 100 గ్రాముల పండ్లు తినుమనుచున్నారు. అది ఒక మోస్తరు జామపండు. మధుమేహము గలవారు మాత్రము వైద్యునడిగి మితము తెలిసికొనవలెను. రసము తీసి త్రాగుటకంటె పండుగా తినుటయే వారికి మేలు.

ఇక ముఖ్యమైన మాట. మన ఇండ్లలో పండు ఎవరి చేతికి పోవుచున్నది? మొదట అతిథికి, పిమ్మట మగవారికి. కోడలి వంతు వచ్చునప్పటికి తొక్కలు మిగులును. రక్తము తక్కువై పాలిపోయినవారు మన స్త్రీలలోనే హెచ్చు. అన్నములోను, ఆకుకూరలోను ఉన్న ఇనుము ఒంటికి పట్టుటకు ఈ 'సి' విటమిను తోడ్పడును. కావున ఆమె విస్తరిలో భోజనముతోపాటు రెండు జామముక్కలుండుట వేడుక కాదు, అవసరము. పిల్లవానికి జలుబు చేయునని పండు దాచువారును కలరు. జలుబు ఒకరినుండి యొకరికి అంటునదే కాని పండు తినుటచే పుట్టునది కాదు.

ఇప్పుడు మా పెరటి జామ కాపులో మొదటి గంప ఇంటిలోనే దిగుచున్నది. పంచునది మా కోడలు. మిగిలినదే సంతకు పోవును. ఆపిలు మానితిమనుకొనెదరేమో, మానలేదు. మనుమనికి అది ఇష్టము, పండుగకు తెత్తును.