మొద్దులు పీకొద్దు, రాజీ కాగితం మీద వేలిముద్ర వేయొద్దు
(మండల స్థాయి శిక్షణా తరగతిలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



పక్క చేను ఆసామి తన జామాయిలు తోట అమ్ముకుంటాడు. వ్యాపారి ముఠాను దించుతాడు. హద్దు ఎక్కడో వాళ్లకెవరూ చూపించరు. సాయంత్రానికి మన ఎకరంలో టేకు చెట్లు కూడా లారీ ఎక్కేస్తాయి. అడగబోతే "పొరపాటున కొట్టార్లే, మూడు వేలు తీసుకో" అంటారు. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. పదేళ్ల చాకిరీ అక్కడితో సరి. మన ఇళ్లల్లో చదువు లేని రోజుల్లో భూములు పోయిందీ ఈ వేలిముద్రలతోనే.

చట్టం ఏమంటుంది? కాజేసే ఉద్దేశంతో మన చెట్టు నరికితే, నేల నుంచి వేరుపడిన క్షణమే అది దొంగతనం. పాత శిక్షాస్మృతి 378లో ఈ చెట్టు ఉదాహరణే ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303 కూడా అదే చెబుతోంది. శిక్ష మూడేళ్ల దాకా.

"మీది అసైన్డు భూమి, మీకేం హక్కు?" అని దబాయిస్తారు. బెదరొద్దు. దొంగతనంలో చూసేది స్వాధీనం. భూమి మన సాగులో ఉందా లేదా, అంతే.

నిజంగా హద్దు తెలియక కొట్టారా? అప్పుడు దొంగతనం కేసు నిలవకపోవచ్చు. నష్టపరిహారం మాత్రం కట్టాల్సిందే. సివిల్ దావాకి గడువు మూడేళ్లు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయరు ఉచితం.

కొట్టించినవాళ్లు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఉంది. 2015లో సవరించిన సెక్షన్ 3(1)(జి) ప్రకారం మన భూమి అనుభవానికి అక్రమంగా అడ్డొచ్చినా, ఫలసాయం ఎత్తుకుపోయినా నేరమే. చంపుతామనో కొడతామనో భయపెట్టి ఒప్పించినా అది అక్రమమే. అయితే వట్టి హద్దు తగాదాను ఇందులోకి ఈడవొద్దు. ఉన్నది ఉన్నట్టే రాయండి.

మొదటి రోజే చేయాల్సిన పనులు వినండి. మొద్దులు పీకొద్దు, అవే సాక్ష్యం. ప్రతి మొద్దు చుట్టుకొలత రాయండి, ఫొటో తీయండి, లారీ నంబరు పట్టండి. హద్దు తేల్చడానికి మండల సర్వేయరుకు దరఖాస్తు పెట్టండి. ఫిర్యాదులో కలప విలువ తప్పక రాయండి. అయిదు వేలలోపని చూపిస్తే కేసు పలచనైపోతుంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, ఆపైన మేజిస్ట్రేటు ఉన్నాడు. టేకు రవాణాకి పర్మిట్ ఉందా అని అటవీ రేంజి ఆఫీసులో అడగండి. అత్యాచారాల ఫిర్యాదులకు ఫోను నంబరు 14566.

ఇంకో మాట. గొడ్డలి పట్టినోళ్లు చాలాసార్లు మన పేట కూలోళ్లే. వాళ్లతో కొట్లాడొద్దు. ఎవడు పురమాయించాడో చెప్పగలిగే సాక్షులు వాళ్లే.

రాజీ పడాల్సి వస్తే రచ్చబండ దగ్గర వద్దు, లోక్ అదాలత్‌లో పడండి. అక్కడిచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం. డబ్బు ఎగ్గొడితే అమలు చేయించుకోవచ్చు.