39 నిమిషాలు, నలుగురం, ఒక స్పీకర్: 'స్పైడర్‌ల్యాండ్' మొదటిసారి విన్నాక

ఈ ఎపిసోడ్ కొంచెం తేడాగా ఉంటుంది. ఎప్పుడూ నేనొక్కడినే కూర్చుని మాట్లాడతాను కదా, ఈసారి నాతో పాటు ఇంకో ముగ్గురు విన్నారు. కెమెరా ముందుకు మాత్రం రామన్నారు. కాబట్టి వాళ్ళ మాటలు నేనే చెప్తాను. వాళ్ళు రాసిచ్చిన కాగితాలు ఇవిగో, నా చేతిలోనే ఉన్నాయి.

మేం విన్నది ఒక ఆల్బమ్. పేరు 'స్పైడర్‌ల్యాండ్'. బ్యాండ్ పేరు స్లింట్. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ అనే ఊరి కుర్రాళ్ళు. 1991 మార్చిలో వచ్చింది, అంటే నేను పుట్టకముందు, మీలో చాలామంది కూడా పుట్టకముందు. మ్యాథ్ రాక్ గురించి ఎవరు మాట్లాడినా తిరిగి తిరిగి ఈ ఆల్బమ్ దగ్గరికే వస్తారు.

నిజానికి ఈ ఆల్బమ్ నేను ఇంతకుముందే ఒకసారి "విన్నాను". ఎలా విన్నానో చివర్లో చెప్తాను. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ముందు మనవాళ్ళ గురించి. ఒకరు మా రూమ్మేట్. బ్యాకెండ్ డెవలపర్, ఇళయరాజా వీరాభిమాని, వేరే ఎవరి పాట పెట్టినా "బాగుంది కానీ" అని మొదలుపెడతాడు. రెండు, మా చెల్లి. ఆరేళ్ళు మృదంగం నేర్చుకుంది, ఇంజినీరింగ్‌లో చేరాక ఆపేసింది. మూడు, మా వీధి తమ్ముడు. పెళ్ళిళ్ళలో, వినాయక చవితి మండపాల్లో బ్యాండుతో కలిసి ప్యాడ్స్ వాయిస్తాడు. స్టేజీ కింద జనం ఎప్పుడు ఎగురుతారో, ఎప్పుడు కూర్చుంటారో వాడికి తెలిసినంత నాకు తెలీదు.

రూల్స్ సింపుల్. ఫోన్లు పక్క గదిలో. స్కిప్ లేదు. పాటకీ పాటకీ మధ్య మాటల్లేవు, అనిపించింది కాగితం మీద రాయాలి. మొత్తం ఆరు పాటలు, 39 నిమిషాలు. రూమ్మేట్ అడిగాడు, "మ్యాథ్ రాక్ అంటే మళ్ళీ ఎంసెట్ రాయాలా?" అని. అక్కర్లేదు బాబూ, కూర్చో అన్నాను.

మొదటి పాట 'బ్రెడ్‌క్రంబ్ ట్రెయిల్'. శుభ్రంగా, ఏ గోలా లేని గిటార్‌తో మొదలవుతుంది. పాడడు, మాట్లాడతాడు. ఒకతను తిరునాళ్ళ లాంటి చోటికి వెళ్తాడు, జోస్యం చెప్పే అమ్మాయి గుడారంలోకి దూరతాడు, ఇద్దరూ కలిసి రోలర్ కోస్టర్ ఎక్కుతారు. కథ పైకెక్కేకొద్దీ గిటార్లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి.

పాట మొదలై అర నిమిషం కాలేదు, చెల్లి వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. కాగితం మీద ఒకే ముక్క రాసింది: "7. కానీ మిశ్రచాపు నడక కాదు." తర్వాత అడిగితే చెప్పింది. "అన్నయ్యా, మాకు ఏడు అంటే తకిట తకధిమి, మూడూ నాలుగూ. ఎక్కడ ఒత్తాలో ముందే తెలుసు. ఇక్కడ లెక్క ఏడే, కానీ ఆ ఒత్తు ఎక్కడా ఆనదు. జారిపోతుంది."

ఇది నేను కొంచెం విడమర్చి చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి వినేవాళ్ళందరూ పడేది ఇక్కడే. మనం రోజూ వినే పాటల్లో ఎక్కువ భాగం నాలుగు లెక్క. టీ కొట్టు దగ్గర బల్ల మీద వేళ్ళతో వాయిస్తాం చూడండి, అదే. పాదంతో రెండుకోసారి నేల తడుతున్నారనుకోండి. నాలుగు లెక్క పాటలో ప్రతి ఆవృతమూ పాదం కింద పడ్డప్పుడే మొదలవుతుంది. ఏడులో అలా కాదు. మొదటి చుట్టు పాదం కింద ఉన్నప్పుడు మొదలైతే, రెండో చుట్టు పాదం గాల్లో ఉన్నప్పుడు మొదలవుతుంది. మళ్ళీ ఇద్దరూ కలిసేది 14 దగ్గర. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకైతే ఇంకా ఈజీ: ఒక జాబ్ ప్రతి 2 నిమిషాలకీ, ఇంకోటి ప్రతి 7 నిమిషాలకీ రన్ అవుతుంటే రెండూ ఒకేసారి 14వ నిమిషంలో తగులుకుంటాయి. కసాగు, అంతే. ఎనిమిదో తరగతిలోనో ఎప్పుడో చదువుకున్నాం. మనకు "ఏదో తేడాగా ఉంది, మెట్టు తప్పింది" అనిపించేది ఆ మధ్యలో దూరం వల్లే. పాట తప్పు కాదు, మన పాదం తప్పూ కాదు.

రెండో పాట 'నోస్ఫెరాటు మ్యాన్'. 1922లో జర్మనీలో మూర్నావ్ తీసిన మూకీ రక్తపిశాచి సినిమా పేరు గుర్తుచేసే పాట. ఇక్కడ కథ చెప్పే భాగం ఐదు లెక్కలో నడుస్తుంది. చెల్లి "ఖండం" అని రాసి పక్కన నవ్వు బొమ్మ గీసింది. అసలు మజా ప్యాడ్స్ తమ్ముడిది. పాట అయ్యేసరికి నుదుటి మీద చెమట. "అన్నా, ఈ డ్రమ్మర్ ఎవరో గానీ, వీడి మీద మన బారాత్ వాళ్ళు డ్యాన్స్ చేస్తే పెళ్ళికొడుకు గుర్రం మీంచి పడతాడు" అన్నాడు. మాటల్లేవు అన్న రూల్ అక్కడ తెగిపోయింది, అందరం నవ్వాం. తర్వాత వాడే కాగితం మీద ఇంకో మాట రాశాడు, నాకు బాగా నచ్చింది: "స్పీడుగా లేడు. గట్టిగా కొట్టాల్సిన చోట ఆగుతున్నాడు. నాకు అంత ధైర్యం లేదు."

ఆ డ్రమ్మర్ పేరు బ్రిట్ వాల్‌ఫర్డ్. గిటార్లు బ్రయన్ మెక్‌మహన్, డేవిడ్ పాజో. బేస్ టాడ్ బ్రాషియర్. 1990 ఆగస్టులో చికాగో వెళ్ళి, కొద్ది రోజుల్లో రికార్డ్ చేసేశారు. అప్పటికి 20 ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్ళు. మన లెక్కలో బీటెక్ థర్డ్ ఇయర్ అన్నమాట. ఆ వయసులో నేను ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి రాస్తున్నాను.

మూడో పాట 'డాన్, అమన్'. ఇందులో డ్రమ్ములే లేవు. డ్రమ్మరే గొంతు ఇచ్చాడు. పార్టీలోంచి బయటికొచ్చి ఒంటరిగా నిలబడ్డ ఒక మనిషి కథ. అంతవరకూ గోడకు ఆనుకుని ఫ్యాన్ చూస్తున్న మా రూమ్మేట్ మొదటిసారి సరిగ్గా కూర్చున్నాడు. వాడి కాగితం మీద: "టీమ్ లంచ్‌లో ఫోన్ వచ్చినట్టు నటించి బయటికొచ్చేది నేనే." ఇంకేం రాయలేదు.

నాలుగోది 'వాషర్', అన్నిటికన్నా పొడవు, దాదాపు తొమ్మిది నిమిషాలు. నెమ్మదైనది, ఇందులో నిజంగా పాడతాడు కూడా. చెల్లికి ఆల్బమ్ మొత్తంలో ఇదే ఇష్టం. రూమ్మేట్‌కి నిద్ర. ఐదోది 'ఫర్ డిన్నర్', మాటల్లేని పాట. దీని గురించి ఎవరి కాగితం మీదా పెద్దగా ఏం లేదు, తమ్ముడు మాత్రం "వాన వచ్చే ముందు" అని రాశాడు.

ఆఖరిది 'గుడ్ మార్నింగ్, కెప్టెన్'. ఓడ మునిగిపోయింది. కెప్టెన్ ఒక్కడే మిగిలాడు. ఒక ఇంటి తలుపు దగ్గరికి వస్తాడు, లోపల ఒక పిల్లాడు. గిటార్ ఒకే ముక్కని గీరుతూ ఉంటుంది, గొంతు గుసగుసలా ఉంటుంది, మనం ముందుకు వంగి వినాల్సొస్తుంది. చివర్లో, అప్పటిదాకా గుసగుసలాడిన మనిషి ఒకే ఒక చిన్న మాటని గొంతు చించుకుని అరుస్తాడు. ఆ మాట ఏంటో నేను చెప్పను. మీరే వినండి, ప్లీజ్, ముందు గూగుల్ చేయకండి.

పాట ఆగాక గదిలో ఎవరూ కదల్లేదు. వంటింట్లో కుక్కర్ మూడో విజిల్ వేసింది. నాలుగోది కూడా వేసింది. పప్పు మాడింది, అది వేరే సంగతి.

ఇప్పుడు తీర్పులు. రూమ్మేట్ మారలేదు, అది క్లియర్‌గా చెప్పాలి. "రాజా గారైతే ఐదు లెక్కలో ఇచ్చినా అది ఐదని నీకు తెలీకుండా హమ్ చేయిస్తారు. వీళ్ళు లెక్కని మన మొహం మీద పెడుతున్నారు" అన్నాడు. దాని మీద చెల్లి గట్టిగా గొడవ పడింది. "మొహం మీద పెట్టట్లేదు, దాచట్లేదు అంతే" అని. అరగంట వాదన. నన్నడిగితే ఇద్దరి మాటలోనూ నిజం ఉంది కానీ చెల్లి వైపే మొగ్గుతాను. 'బ్రెడ్‌క్రంబ్ ట్రెయిల్'లో ఆ జారిపోయే ఏడు లేకపోతే రోలర్ కోస్టర్ కథకి కడుపులో తిప్పినట్టు ఉండదు. అక్కడ లెక్క తెలివి చూపించుకోవడానికి పెట్టింది కాదు.

1991లో కూడా మొదటి వినికిడి ఇలాగే తేడాగా నడిచింది. ఆల్బమ్ బయటికి వచ్చేసరికి బ్యాండ్ విడిపోయింది. టూర్ లేదు, స్టేజీ మీద ఎవరూ వాయించి చూపించలేదు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఒక్క మనిషి మాత్రం పట్టించుకున్నాడు: స్టీవ్ ఆల్బినీ. వీళ్ళ మొదటి ఆల్బమ్ 'ట్వీజ్' రికార్డ్ చేసింది ఆయనే. బ్రిటన్ వారపత్రిక మెలొడీ మేకర్‌లో సమీక్ష రాస్తూ పదికి పది నక్షత్రాలిచ్చాడు. పదేళ్ళు పోయాక దీనికోసం మీరు వెతుక్కోవాల్సొస్తుంది, ఇప్పుడే కొనుక్కోండి అన్న అర్థంలో రాశాడు. తెలిసినవాళ్ళ రికార్డు కదా, పొగిడాడులే అనుకోవచ్చు. కానీ అలాగే జరిగింది. 1995లో 'కిడ్స్' అనే సినిమా పాటల ఆల్బమ్‌లో ఈ ఆఖరి పాట చేరింది. ఒకరి నుంచి ఒకరికి క్యాసెట్ మీద, తర్వాత ఫైళ్ళ మీద పాకింది. 2005లో బ్యాండ్ మళ్ళీ కలిసి వాయించింది. 2014లో లాన్స్ బ్యాంగ్స్ వీళ్ళ మీద డాక్యుమెంటరీ తీశాడు, దానికి మొదటి పాట పేరే పెట్టాడు.

సరే, ఇప్పుడు నా సంగతి.

బీటెక్ హాస్టల్లో నాకో రూమ్మేట్ ఉండేవాడు. ఇప్పటి రూమ్మేట్ కాదు, వీడు వేరే. ఎంఎస్‌కి లూయీవిల్ వెళ్ళాడు. మొదటి సెమిస్టర్ అయిపోయిన డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున్న లేచేసరికి వాట్సాప్‌లో వాడి నుంచి లింకు. ఈ ఆల్బమ్. కింద ఒక్క లైను: "మా ఊరి బ్యాండ్ రా." నేను మెట్రోలో నిలబడి, ఒక చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుని, 1.5 స్పీడులో రెండు నిమిషాలు విన్నాను. పాటని 1.5 స్పీడులో ఎవడైనా వింటాడా? ట్యుటోరియల్స్ చూసీ చూసీ ఆ సెట్టింగ్ అలా ఉండిపోయింది. గొంతు వినబడలేదు. గిటార్ ఏదో ట్యూన్ చేసుకుంటున్నట్టు అనిపించింది. "బోర్ రా. పాట ఎప్పుడు మొదలవుద్ది?" అని రిప్లై కొట్టి దిగిపోయాను.

అంతకుముందు వాడు వారానికి నాలుగైదు పాటలు పంపేవాడు. ఆ తర్వాత పంపలేదు. గొడవేం లేదు. పుట్టినరోజు విషెస్, పండగ విషెస్, ఉద్యోగం వచ్చిందన్న కబురు, అన్నీ నడిచాయి. పాటలు మాత్రం ఆగిపోయాయి. నేను అది గమనించడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది.

మొన్న మేం నలుగురం విన్న రాత్రి, పదకొండింటికి, వాడికి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం. "స్పైడర్‌ల్యాండ్ విన్నాను రా" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "చివరిదాకానా?" అని అడిగాడు.

చివరిదాకా అన్నాను. అప్పుడు చెప్పాడు. ఆ డిసెంబర్‌లో ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళందరూ సెలవులకి చుట్టాల ఇళ్ళకి వెళ్ళిపోయారంట. అక్కడ సాయంత్రం ఐదున్నరకే చీకటి. ఆల్బమ్ కవర్ మీద నీళ్ళలో నాలుగు తలకాయలు కనబడతాయి చూడండి, విల్ ఓల్డ్‌హమ్ తీసిన ఫోటో, ఆ క్వారీ ఓహాయో నది దాటితే ఇండియానాలో, వాళ్ళ ఊరి పక్కనే. అది తెలిసి విన్నాడంట. "చివరి పాట అయ్యాక ఎవరికో ఒకరికి ఫోన్ చేయాలనిపించింది. ఇండియాలో తెల్లారుజామున నాలుగు. నువ్వు పడుకుని ఉంటావని లింకు పంపా" అన్నాడు.

నేను సారీ చెప్పబోతే "ఛీ ఆపు, నీ ఎపిసోడ్ కోసం సెంటిమెంట్ చేయకు" అన్నాడు. ఎపిసోడ్‌లో చెప్పొచ్చా అని అడిగితే పేరు లేకుండా చెప్పుకో అన్నాడు. మా అమ్మ ఎలా ఉందో అడిగాడు. తర్వాత ఇద్దరం గంటన్నర మాట్లాడుకున్నాం, అందులో ఆల్బమ్ గురించి పది నిమిషాలు కూడా లేదు.

మీరు వినాలనుకుంటే ఒకటే మాట: ఫోన్ స్పీకర్ మీద వద్దు. ఇందులో గొంతుని కావాలనే గిటార్ల కింద పెట్టారు, ఫోన్ స్పీకర్‌లో అది మాయమైపోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టండి, లేదా ఎవరిదైనా మంచి స్పీకర్ అడుక్కోండి. మొదటి పాట నచ్చకపోతే మూడోది వినండి. మూడోది కూడా నచ్చకపోతే మా రూమ్మేట్‌తో కూర్చోండి, మీకోసం ఇళయరాజా ప్లేలిస్ట్ రెడీగా ఉంది. స్పీడు మాత్రం 1 మీద ఉందో లేదో చూసుకోండి.

నిన్న రాత్రి వాడి నుంచి ఇంకో లింకు వచ్చింది. 52 నిమిషాలు. కింద ఏం రాయలేదు. ఇంకా ప్లే నొక్కలేదు, ఆదివారం చెల్లి వస్తుంది, అప్పుడు పెడతాం. ఉంటాను మరి, బై.