మన బండికి ఏ క్యూఆర్ కోడ్?

(పీఎం స్వనిధి లబ్ధిదారుల అవగాహన సమావేశంలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం)

బేరాలు వదులుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ఆమధ్య ఒకమ్మ నన్ను ఆపి అడిగారు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఆమెది టీ బండి. సీజన్‌లో టిక్కీలు దిగే రోజుల్లో తెల్లారకముందే పొయ్యి వెలిగిస్తారు. హమాలీలు, లారీ డ్రైవర్లు, సరుకుతో వచ్చిన రైతులు అందరూ ఫోనుతోనే కడతారు. "మేడమ్, ఇంతమంది స్కాన్ చేస్తున్నారు గదా, నాకు క్యాష్‌బ్యాక్ ఒక్క రూపాయి కూడా పడట్లేదేంటి?" అన్నారు. బండి దగ్గరికెళ్ళి నా ఫోనుతో ఒక రూపాయి పంపబోయాను. తెర మీద వచ్చిన పేరు ఆమెది కాదు, అల్లుడిది. అప్పట్లో ఆమె దగ్గర బటన్ ఫోనే ఉండటంతో అల్లుడు తన ఫోనులోని కోడ్‌ను ప్రింటు తీయించి అంటించాడు. మోసమేం లేదు, వారం వారం లెక్క అప్పజెబుతూనే ఉన్నాడు. కానీ బ్యాంకు లెక్కలో ఆ టీలన్నీ అమ్మింది అల్లుడే.

ఇది చిన్న విషయం కాదమ్మా. 2020 జూన్‌లో మొదలైన స్వనిధి గడువును ఇప్పుడు 2030 మార్చి 31 వరకు పొడిగించారు. తొలి విడత 15,000, రెండోది 25,000, మూడోది 50,000 రూపాయలు. డిజిటల్ చెల్లింపులకు 1,600 రూపాయల వరకు క్యాష్‌బ్యాక్ ఉంది. రెండో విడత సకాలంలో తీర్చినవారికి యూపీఐతో పనిచేసే రూపే క్రెడిట్ కార్డుకు అర్హత వస్తుంది. మీ వ్యాపారం మీ పేరు మీద కనబడితేనే ఇవన్నీ సజావుగా నడుస్తాయి.

అసలు ఆ నలుపు తెలుపు గళ్ళలో ఏముంటుంది? డబ్బేం ఉండదు. మీ యూపీఐ ఐడీ, పేరు ఉంటాయి, అంతే. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ అనే సంస్థ కార్ల విడిభాగాలను గుర్తించడానికి దీన్ని తయారుచేసింది. ఫ్యాక్టరీలో మురికి అంటినా చదవగలిగేలా చేశారు. అందుకే మన బజ్జీల నూనె మరక కాస్త పడ్డా పనిచేస్తుంది. మరీ నల్లబడితే మాత్రం మార్చేయండి.

ఇప్పుడు ఎంచుకోవడం సంగతి. ఫోనులో యాప్ వేసుకోగానే వచ్చేది పర్సనల్ క్యూఆర్. చుట్టాలు డబ్బు పంపడానికి అది చాలు, వ్యాపారానికి చాలదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకున్న గిరాకీ ఆ కార్డుతో పర్సనల్ క్యూఆర్‌కు కట్టలేరు. వ్యాపారం పేరుతో తీసుకున్న మర్చంట్ క్యూఆర్‌కే కట్టగలరు. కాబట్టి ఆధార్, పాసుబుక్ పట్టుకుని, లోను ఇచ్చిన బ్యాంకులోనే మర్చంట్ క్యూఆర్ అడగండి. స్వనిధి ఖాతాకే కలపమని నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే వేరే ఖాతాకు కలిపిన సందర్భాలు నేను చూశాను.

ఏ కంపెనీ స్టిక్కరు మంచిదని చాలామంది అడుగుతారు. దాని గురించి అంత ఆలోచన అక్కర్లేదు. ఒక కంపెనీ యాప్‌కే పనిచేసే కొత్త కోడ్‌లు పెట్టొద్దని రిజర్వు బ్యాంకు 2020 అక్టోబరులోనే చెప్పింది. యూపీఐ కోడ్ ఒక్కటుంటే ఏ యాప్‌తోనైనా కట్టొచ్చు. బండికి నాలుగు స్టిక్కర్లుంటే సాయంత్రం లెక్క చూసుకునేటప్పుడు మీకే తలనొప్పి.

కంపెనీని కాదు, ఈ రెండు ప్రశ్నలు అడగండి. డబ్బు వెంటనే పడుతుందా, మర్నాడా? పొద్దున్నే శనగపిండి, నూనె కొనేవాళ్ళకు ఆ ఒక్కరోజు తేడా పెద్దదే. రెండోది, సౌండు బాక్సుకు నెలనెలా అద్దె ఉందా? ఉంటే అది మీ ఖాతాలోంచే పోతుంది. నన్నడిగితే రద్దీ బండికి సౌండు బాక్సు దండగ కాదు. చేతులు పిండిలో ఉన్నప్పుడు డబ్బు పడిందో లేదో ఫోను తీసి చూడలేం. గిరాకీ చూపించిన స్క్రీన్‌షాట్‌ను నమ్మి మోసపోయినవాళ్ళు మీలోనే ఉన్నారు.

అంటించే స్టిక్కరును స్టాటిక్ క్యూఆర్ అంటారు. మొత్తం గిరాకీయే కొట్టుకుంటారు. టీ, బజ్జీ, పూలు, కూరగాయలకు ఇదే సరిపోతుంది. ప్రతి బిల్లుకూ మొత్తంతో సహా కొత్తగా తెర మీద వచ్చేది డైనమిక్ క్యూఆర్. పత్తి తీతల డబ్బు చేతికొచ్చే రోజుల్లో బట్టలో, స్టీలు సామానో అమ్మేవారికి బిల్లు 1,340 అయితే గిరాకీ 134 కొట్టి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది కదా, అక్కడ ఇది ఉపయోగం. చాలా యాప్‌లలో మొత్తం వేసి కోడ్ చూపించే వీలుంది, వేరే మిషను కొనక్కర్లేదు.

కారం, పచ్చళ్ళు ప్యాకెట్లలో అమ్మే డ్వాక్రా అక్కలకు ఒక మాట. ప్యాకెట్ మీద వివరాల కోసం వేసే కోడ్‌కు కూడా ఈ డైనమిక్ అన్న పేరే వాడతారు. అది వేరు. అది ముందు ఆ కంపెనీ సర్వరుకు వెళ్ళి, అక్కణ్ణుంచి మీ పేజీకి వెళ్తుంది. ఉచిత గడువు అయిపోయాక డబ్బు కట్టకపోతే కోడ్ ఆగిపోవచ్చు, అచ్చేయించిన కవర్లు మాత్రం అలాగే మిగులుతాయి. మార్చే పని లేని వివరాలకు స్టాటిక్ కోడే వేయించండి. డబ్బు తీసుకునే కోడ్ అయితే సభ్యురాలి ఖాతాకు కాకుండా సంఘం ఖాతాకు ఉండాలి.

రోజూ బండి తెరవగానే స్టిక్కరు మీద వేలితో తడమండి. మీ కోడ్ మీద ఇంకొకరు తమది అంటించి పోయే మోసం ఉంది. మీకు డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదు. ఎవరైనా కొట్టమంటే ఫోను పెట్టేయండి. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు, వెంటనే 1930కి ఫోను చేయండి.

ఆ టీ బండి అమ్మకు ఇప్పుడు సొంత పేరుతో మర్చంట్ క్యూఆర్ వచ్చింది. స్టిక్కర్లు తెచ్చుకున్నవాళ్ళు వెళ్ళకుండా ఆగండి. ఒక్కొక్కదాన్నీ స్కాన్ చేసి ఎవరి పేరు వస్తుందో ఇక్కడే చూద్దాం.